కీమ్యాన్‌కు ఒకరోజు సెలవు

ఇరవై ఆరేండ్లు
కాజీపేట నుంచి హసన్‌పర్తి దిక్కు
సుత్తె, పానా, ఎర్రజెండా పట్టుకొని
పొద్దుగాల్నే పట్టా ఎంబడి నడిచినోణ్ణి.
ఊడిన చావీని మళ్ళ కొట్టుడు,
ఇనుముకు చెవొగ్గి పగులును ఇనుడు,
గిదే నా కొలువు.
ఇయ్యాల మాత్రం
ఒకాయన నా లోపలికి లైటేసుకొని నడిచిండు.

మా కొమ్మాలన్న రెండేండ్లు
నెత్తుర్ని మొలలనుకున్నడు.
ఎవ్వరికి చెప్పలె.
మడికొండల ఎవరో ఇచ్చిన చూర్ణం
తేనెల రంగరిచ్చుకొని నాకిండు.
సుగుణ ఆ సంగతి మర్వలె.
నాకు యాభై నిండిన నాడే
దవాఖాన చీటి తెచ్చి
క్యాలెండర్ సీలకు గుచ్చింది.

నిన్న బువ్వ బందు.
మాపటికి రెండు లీటర్ల నీళ్ళల్ల పొడి కలిపి
ఎదురుంగ కూసోని తాగిపిచ్చింది.
నిమ్మకాయ పేరు పెట్టిండ్రు గని
సున్నం తేటకు ఉప్పు తోడైనట్టుంది.
పదిన్నరకు మొదటిసారి ఉరికిన,
బొగ్గు గూడ్స్ పోతుండంగ రెండోసారి,
ఇగ ఆ తర్వాత బండ్లూ నేనూ
ఎవరి లైన్ల వాళ్ళం పరుగే పరుగు.
తెల్లారేసరికి
నా లోపల ఉన్నది నేనొక్కణ్ణే.

నక్కలగుట్టల దవాఖాన, రెండో అంతస్తు.
ఎనక బొందెలున్న అంగీ ఇచ్చిండ్రు.
బొందెలు నాకందలె,
బిడ్డ ఈడు నర్సు వచ్చి ముడేసింది.
ఎండల, వానల, పాములల్ల
కోసులకు కోసులు నడిచినోణ్ణి,
మంచం దాక ఇరవై అడుగులకు సిగ్గువడ్డ.

ఎడమదిక్కు తిరుగుమన్నరు,
మోకాళ్ళు ముడువుమన్నరు.
మందు చేతిల సల్లగ ఎక్కుతుంటె
అంకెలు లెక్కవెట్టుమన్నరు.
నేను స్లీపర్లు లెక్కవెట్టిన.
నాలుగో స్లీపర్ కాడ
పట్టా అయిపోయింది.

లేచేసరికి కడుపు నిండ గాలి.
"గ్యాస్ పోయిందా అంకుల్?"
వార్డంత ఇనవడేటట్టు అడిగింది నర్సు.
పక్క మంచం ముసలామె
నాకన్న ముందు జవాబిచ్చింది, నోటితోని కాదు.
అందరం నవ్వినం.
నవ్వంగ నవ్వంగ నాదీ పోయింది.

డాక్టర్ ఫోటోలు చూపెట్టిండు.
గులాబి రంగు సొరంగం, తడి మెరుపు.
ఇంత సాపు జాగ నా దగ్గరున్నదా అనుకున్న.
ఒక వంపు కాడ
జొన్నగింజంత బుడిపె.
"తీసేసినం. టెస్టుకు పంపినం. పది రోజులు ఆగాలె."
సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఆటోల ఆమెకు చెప్పిన:
దొరికిన పగులుకు కీమ్యాన్ ఏడ్వడు,
చాక్‌పీస్‌తోని గీత గీస్తడు, ఫోన్ జేస్తడు.
దొరకనిదాని గురించే
నడిరాత్రి లేచి కూసుంటడు.
మంచిగనే చెప్పిన.
చెప్పినంక చూసుకుంటే
మందుల కవరు చేతిల గలగలమంటున్నది,
ఆటో సిగ్నల్ కాడ ఆగే ఉన్నది.

ఇల్లు. దిండు. ఫ్యాన్ కిర్రుమనుడు.
ఈ ఒక్కరోజు బండి నడపొద్దు,
సంతకాలు పెట్టొద్దు అని రాసిచ్చిండ్రు.
"ఇంటి కాయితం తెస్త, పెడ్తవా" అని ఎక్కిరిచ్చింది సుగుణ.
మెత్తటి బువ్వ, పల్చటి సల్ల, చిటికెడు ఉప్పు.
మొదటి ముద్ద ఎక్కడెక్కడ పోతున్నదో
తొవ్వ పొడుగూత తెలిసింది.

నాలుగింటికి ఫోన్.
నా బీటుకు పోయిన కొత్త పోరి, సృజన.
"కాకా, వాగు బ్రిడ్జి ఇవతల
మూడు చావీలు వదులైనయ్, బిగిచ్చిన."
"నాలుగోది సూసినవా? వంపుకు లోపలి దిక్కు."
కొంచెం సేపు గాలి సప్పుడే.
"మళ్ళ పోతున్న" అన్నది.

ఫోన్ పక్కన పెట్టి
బొడ్డు కింద చెయ్యేసుకొని పండుకున్న.
లోపల ఏదో గుడగుడ.
దూరంకెళ్ళి గూడ్స్ వస్తున్నది,
అల్మారల స్టీలు గ్లాసులు ముందే చెప్తున్నయ్.
జాయింట్ కాడ సప్పుడు సరిగున్నదా అని
ఇంటున్న.